ఎడారిలో ఎర్రబడే ఆకులు: అత్తయ్య గారికి ఎలా చూపించాలి?

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం. బాబుకు 11 ఏళ్లు, పాపకు 6. మా అత్తయ్య గారు పల్నాడు నుంచి ఆరు నెలలు ఉందామని వచ్చారు. నవంబరు చివర్లో తిరుగు ప్రయాణం. వచ్చిన కొత్తలో "ఇక్కడ చెట్లన్నీ ఎర్రబడతాయట కదా, ఒకసారి చూపించమ్మా" అన్నారు. ఇన్నాళ్లలో ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే. వెర్మాంట్ దాకా వెళ్లడానికి సెలవులు లేవు. టెక్సస్‌లోనే ఉన్న లాస్ట్ మేపుల్స్ పార్కుకు వెళదామంటే వారాంతపు టికెట్లు అయిపోయాయి. పశ్చిమ టెక్సస్‌లో గ్వాడలూప్ పర్వతాల దగ్గర రంగులు బాగుంటాయని ఒకరు చెప్పారు. ఎడారిలో ఆకులేమిటని మా స్నేహితులు కొట్టిపారేస్తున్నారు. మా వారేమో అంత దూరం వెళితే టెక్సస్‌లోకెల్లా ఎత్తైన శిఖరం ఎక్కాల్సిందే అంటున్నారు. అత్తయ్య గారు రోజూ అరగంట నడుస్తారు కానీ మెట్లు దిగేటప్పుడు మోకాళ్లు నొప్పి పుడతాయి. తీరా వెళ్లాక ఏమీ కనిపించకపోతే ఎలా? సలహా ఇవ్వగలరు.
ఒక పాఠకురాలు, ఫ్రిస్కో

సమాధానం: తప్పకుండా వెళ్లండి. ఆవిడ అడిగింది ఒక్కటేనని మీరే రాశారు. ఆ ఒక్కటీ చూపించడానికి గ్వాడలూప్ సరైన చోటు. కాకపోతే మీ వారి శిఖరాన్నీ, దారిలో చూడదగ్గ ఇంకో నాలుగు ప్రదేశాలనూ ఈ కోరికకు ముడిపెట్టకండి. ఈ ప్రయాణం అక్కడి మెకిట్రిక్ కాన్యన్ అనే ఒక్క లోయ కోసం. దానికి ఒక రోజంతా ఇవ్వండి.

మీ స్నేహితుల మాటలో సగం నిజముంది. రోడ్డు మీద నుంచి చూస్తే అది అచ్చమైన ఎడారే. చివావా ఎడారిలో ఉత్తరపు భాగం అది. తెల్లబారిన సున్నపురాతి కొండలు, ముళ్ల పొదలు, కనుచూపు మేర ఎండిన గడ్డి. కారు దిగగానే మీకు కనిపించేవి నాగజెముడు, కిత్తనార జాతి మొక్కలు. పిల్లలకు అవి కొత్తగా ఉంటాయేమో కానీ, పల్నాటి మెట్ట పొలాలు ఎరిగిన మనిషికి అవి చిన్ననాటి నుంచీ తెలిసినవే. చేలగట్ల మీద కంచెగా పెరిగే నాగజెముడూ, నార తీసే కిత్తనారా మన దేశానికి ఈ అమెరికా ఖండం నుంచే వచ్చాయి. ఈ సంగతి అక్కడే, ఆ మొక్కల పక్కన నిలబడి అత్తయ్య గారికి చెప్పండి. అప్పటి నుంచి ఆ రోజు ఆవిడే పిల్లలకు చెట్లు చూపిస్తారు.

నీటి చుక్క కనిపించని ఆ కొండల మధ్య, ఆకు ఎర్రబడే మేపుల్ చెట్లు ఎలా ఉన్నాయన్నదే ఇందులో అసలు విశేషం. సుమారు పది పన్నెండు వేల ఏళ్ల క్రితం, మంచుయుగం ముగిసే నాటికి, ఈ ప్రాంతం ఇప్పటికన్నా చల్లగా, తేమగా ఉండేది. వాతావరణం వేడెక్కి నేల ఎండిపోతున్న కొద్దీ చల్లదనం కోరే చెట్లు మైదానంలో బతకలేకపోయాయి. ఎత్తైన గోడల నీడ పడే లోయల్లో, ఏడాది పొడవునా కాస్తయినా నీరుండే వాగుల పక్కన మాత్రం మిగిలాయి. బిగ్‌టూత్ మేపుల్ అలా మిగిలిన చెట్టు. కాబట్టి వెర్మాంట్ ఫొటోల్లోలా కొండలకు కొండలు ఎర్రబడతాయని ఎదురుచూడవద్దు. అత్తయ్య గారికి అలా చెప్పి ఉంటే ఇప్పుడే సరిచేసి చెప్పండి. ఇక్కడ శరత్తు ఒక వాగు వెంట, ఒక సన్నని దారిలా ఉంటుంది. చుట్టూ బూడిద రంగు రాయి, పైన ముదురు నీలపు ఆకాశం, మధ్యలో ఒక్కో చెట్టు దానిమ్మ గింజలా వెలుగుతుంటుంది. నాకైతే అడవి మొత్తం ఎర్రబడటం కన్నా ఇదే ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే ఇక్కడ ఒక్కో చెట్టునూ విడిగా చూస్తాం.

మన లెక్కలో ఆకు రాలేది శిశిరంలో, అంటే మాఘ ఫాల్గుణాల్లో. కార్తీకంలో చెట్లు పచ్చగానే ఉంటాయి. అందుకే ఇక్కడికి వచ్చిన మన పెద్దవాళ్లకు అక్టోబరు, నవంబరుల్లో ఆకు రాలడం వింతగా ఉంటుంది. మా అమ్మ వచ్చినప్పుడు నేను ఈ లోయ బాటలోనే నడిపించాను. ఆవిడ దారిలో పడి ఉన్న మేపుల్ ఆకును తీసి ఎండకు ఎదురుగా పట్టుకున్నారు. అంచులు కుంకుమ రంగు, లోపలికి వస్తుంటే నారింజ, ఈనెల వెంబడి మాత్రం ఇంకా సన్నగా పచ్చదనం. కాసేపు చూసి, "ఇది బాదమాకే, కాకపోతే వేళ్లు మొలిచాయి" అన్నారు. మన ఇళ్ల ముందు బాదం చెట్టు కూడా రాల్చే ముందు ఆకును ఇలాగే ఎర్రగా పండిస్తుంది కదా. ఆకు చూశాక దాన్ని దొరికిన చోటే వదిలేశాం. అది నేషనల్ పార్కు. ఆకయినా, రాయయినా ఇంటికి తెచ్చుకోకూడదు. మీ పాపకు ఒక నోటు పుస్తకం, రంగు పెన్సిళ్లు ఇచ్చి తీసుకెళ్లండి. నచ్చిన ఆకును అక్కడే కూర్చుని గీసుకుంటుంది.

బాబుకు ఆకు ఎందుకు ఎర్రబడుతుందో చెబితే నడకలో ఆసక్తి పెరుగుతుంది. పగలు కురచవుతున్న కొద్దీ చెట్టు ఆకులోని పత్రహరితాన్ని కొత్తగా తయారు చేయడం ఆపేస్తుంది. ఉన్నది విరిగిపోతుంది. ఆకులో ముందు నుంచీ దాగి ఉన్న పసుపు అప్పుడు బయటపడుతుంది. ఎరుపు అలా కాదు. ఆకులో చిక్కుకుపోయిన చక్కెరతో చెట్టు దాన్ని ఆ చివరి రోజుల్లో కొత్తగా తయారు చేస్తుంది. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి ఉంటే ఎరుపు బాగా వస్తుంది. ఎడారిలో పగటికీ రాత్రికీ వేడిలో తేడా ఎక్కువ కాబట్టి ఆ లోయ చెట్లకు ఈ విషయంలో కలిసివస్తుంది.

ఇక మీ వారి శిఖరం. గ్వాడలూప్ పీక్ ఎత్తు 8,751 అడుగులు. పోను రాను ఎనిమిది మైళ్ల పైచిలుకు నడక, దాదాపు 3,000 అడుగుల ఎక్కుడు. ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. ఆ ఎక్కుడులో మేపుల్ రంగులు మీకు దొరకవు. అత్తయ్య గారు ఎక్కలేరు, పాప ఎక్కలేదు. అంటే ఆ రోజు మీరు ముగ్గురూ కింద పార్కింగులో కూర్చుని ఎదురుచూడాలి. మీ వారి కోరిక చెడ్డదని నేను అనను. శిఖరం వచ్చే ఏడాదీ అక్కడే ఉంటుంది, వాళ్ల అమ్మ మాత్రం నవంబరు చివర్లో విమానం ఎక్కుతారు. ఈ మాట మీరు చెప్పడం కన్నా, ఈ జవాబు ఆయనకు ఇచ్చి చదవమనండి. వచ్చే ఏడాది బాబును తీసుకుని వాళ్లిద్దరే ఎక్కి రావచ్చు.

మోకాళ్ల సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. మెకిట్రిక్ కాన్యన్‌లో కారు ఆపే చోటి నుంచి ప్రాట్ క్యాబిన్ అనే రాతి ఇంటికి 2.4 మైళ్లు. పోను రాను 4.8 మైళ్లు, అంటే ఎనిమిది కిలోమీటర్లకు కాస్త తక్కువ. దారిలో పెద్ద ఎక్కుడు లేదు, మెట్లు లేవు. కానీ గులకరాళ్లు, బండరాళ్లు, వాగు దాటే చోట్లు ఉంటాయి. ఫ్రిస్కోలో సిమెంటు బాట మీద అరగంట నడవడానికీ దీనికీ పోలిక లేదు. బయల్దేరే ముందు మూడు ఆదివారాలు మీ దగ్గర్లో మట్టి బాట ఉన్న చోటికి ఆవిడను తీసుకెళ్లండి. మొదటి వారం గంట, తర్వాత గంటన్నర, ఆపైన రెండు గంటలు, మధ్యలో కూర్చుంటూ. మర్నాడు పొద్దున మోకాలు వాచకపోతే ప్రాట్ క్యాబిన్‌కు వెళ్లగలరు. బాట మొదలయ్యే చోటే 5,000 అడుగుల ఎత్తు ఉంటుంది కాబట్టి రక్తపోటు మందులు వాడుతుంటే డాక్టరును ఒక మాట అడగండి. రెండు ట్రెకింగ్ కర్రలు కొనండి. దిగేటప్పుడు మోకాలి మీద భారం బాగా తగ్గుతుంది. చెప్పులు వద్దు, మడమ పట్టి ఉండే బూట్లు కావాలి. చీరలోనే నడుస్తానంటే కుచ్చిళ్లు రెండంగుళాలు ఎత్తి కట్టుకోమనండి. బాట పక్కన ముళ్లు అంచును పట్టి లాగుతాయి.

నడవలేరని తేలితే ప్రయాణం మానుకోవద్దు. అదే పార్కులో ఫ్రిహోలె రాంచ్ అనే పాత ఇల్లు ఉంది. అక్కడి నుంచి మాంజనీటా ఊట దాకా చదునైన బాట, పోను రాను అర మైలు కూడా ఉండదు. చక్రాల కుర్చీ కూడా వెళుతుంది. అదే బాట పట్టుకుని ముందుకు వెళితే స్మిత్ ఊట వస్తుంది. మొత్తం చుట్టి వస్తే 2.3 మైళ్లు. కాస్త ఎక్కాలి కానీ ఊట దగ్గర మేపుల్ చెట్లు ఉన్నాయి. మెకిట్రిక్ అంత కనులపండుగ కాకపోయినా ఆవిడ అడిగిన ఎర్రటి ఆకు అక్కడా దొరుకుతుంది.

పార్కుకు వెళ్లేవాళ్లు బస చేసే కార్ల్స్‌బాడ్ ఊరికి ఫ్రిస్కో నుంచి కారులో ఎనిమిది గంటల దాకా పడుతుంది. పెద్దావిడను ఒకే రోజు అంతసేపు కూర్చోబెట్టకండి. ఆబిలీన్‌లోనో, మిడ్‌లాండ్‌లోనో ఒక రాత్రి ఆగండి. ఖర్చు భరించగలిగితే ఎల్‌పాసోకు విమానంలో వెళ్లి అక్కడ కారు అద్దెకు తీసుకోవడం ఇంకా మేలు. అక్కడి నుంచి పార్కు 110 మైళ్లు. కార్ల్స్‌బాడ్ చుట్టూ చమురు బావుల పనులు ఎక్కువ కాబట్టి గదులు త్వరగా నిండుతాయి, ధరలూ ఎక్కువే. రద్దు చేసుకునే వీలున్న గదిని ఇప్పుడే తీసి పెట్టుకోండి. కారులో పెట్రోలు పూర్తిగా నింపుకునే బయల్దేరండి. పార్కులో పెట్రోలు బంకు లేదు, తిండి దొరికే కొట్టూ లేదు. ఫోను సిగ్నల్ మీద ఆధారపడవద్దు. ఇంకొక సంగతి: టెక్సస్‌లోనే ఉన్నా ఈ పార్కులో డాలస్ కన్నా గంట వెనక టైము. లోయ పగటి వేళ సందర్శనకే, గేటు సాయంత్రం మూసేస్తారు. ఆ వారం వేళలు పార్కు వెబ్‌సైట్‌లో చూసుకుని, గేటు తెరిచేసరికి అక్కడ ఉండేలా వెళ్లండి. రంగుల రోజుల్లో శనివారం, ఆదివారం పార్కింగు నిండిపోయి బయట వరుసలో ఆగాల్సి వస్తుంది.

బాట ఎక్కాక మొదటి మైలు మిమ్మల్ని నిరాశపరుస్తుంది. ముందే చెబుతున్నాను, పిల్లలకూ చెప్పి ఉంచండి. ఎండిన వాగు, తెల్లటి రాళ్లు, నీడ తక్కువ. "ఇంకెంత దూరం" అని పాప అడిగేది ఇక్కడే. కాసేపయ్యాక గోడలు దగ్గరవుతాయి, గాలి చల్లబడుతుంది, ఎక్కడి నుంచో నీటి చప్పుడు వినిపిస్తుంది. మొదట ఒక మేపుల్, తర్వాత రెండు, ఆ తర్వాత లెక్క మరిచిపోతారు. వాగులో నీరు అద్దంలా ఉంటుంది, చేపలు కనిపిస్తాయి. పాప తప్పకుండా దిగుతానంటుంది. దిగనివ్వకండి. ఎడారిలో అంత నీరు నిలవడమే అపురూపం, అందులో కాళ్లు పెట్టవద్దని పార్కు వాళ్లు కోరతారు. కారు దిగకముందే ఆ మాట చెబితే వాగు దగ్గర ఏడుపు ఉండదు.

ఆ రాతి ఇంటిని వాలెస్ ప్రాట్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1930ల మొదట్లో కట్టించుకున్నారు. చమురు కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసిన మనిషి. తర్వాత ఇక్కడి తన భూమి ఐదు వేల ఎకరాలకు పైగా పార్కు కోసం ప్రభుత్వానికి ఇచ్చేశారు. 1972లో పార్కు ఏర్పడటానికి అది పునాది. గోడలే కాదు, పైకప్పు కూడా రాతి పలకలే. నాపరాళ్ల ఇళ్లు చూసిన పల్నాటి కళ్లకు అది పరాయి ఇల్లులా అనిపించదు. ఆ అరుగు మీద ఆవిడను కూర్చోబెట్టి కాళ్లు చాపుకోనివ్వండి. బాబుకు చెప్పడానికి ఇక్కడ ఇంకో సంగతి ఉంది: ఈ కొండలు సుమారు 26 కోట్ల ఏళ్ల క్రితం సముద్రంలో పెరిగిన దిబ్బ. స్పాంజీలు, నాచు జాతులు, సున్నం కలిసి కట్టిన గోడ. సముద్రం పోయింది, గోడ మిగిలింది. రాళ్లలో పాత సముద్రపు జీవుల ఆనవాళ్లు వెతకమంటే వాడు తిరుగు దారంతా విసుక్కోకుండా నడుస్తాడు.

రంగులు అన్నిటికన్నా బాగుండేది క్యాబిన్ దాటాక, గ్రాటో అనే గుహ లాంటి చోటు దాకా, ఇంకో మైలు. మీ వారు బాబును తీసుకుని ఆ మైలు వెళ్లి రావచ్చు. శిఖరం బదులు ఆయనకు అది కాస్త ఊరట. మీరు, పాప, అత్తయ్య గారు క్యాబిన్ దగ్గరే ఉండండి. అక్కడ చుట్టూ ఉన్న చెట్లు ఆవిడ కోరిక తీరడానికి చాలు. తిరుగు నడకకు పొద్దు మిగిలేలా ఒంటిగంటకల్లా బయల్దేరండి. పెద్దవాళ్లతో, పిల్లలతో మైలుకు ముప్పావు గంట వేసుకోవాలి.

తిండి గురించి మీరు అడగలేదు కానీ రాస్తున్నాను. ఆ రోజులు చాలా ఏళ్లు కార్తీకంలోనే పడతాయి. అత్తయ్య గారికి వనభోజనం గుర్తు రాక మానదు. ఉసిరి చెట్టు లేకపోయినా అడవి ఉంది, రాతి ఇల్లుంది, ఇంటిల్లిపాదీ ఉన్నారు. చింతపండు పులిహోర పొద్దున కలిపితే మధ్యాహ్నానికి ఇంకా బాగుంటుంది. నువ్వుండలు, జంతికలు, నారింజ పండ్లు చాలు. పెరుగన్నం ఎండలో పులుస్తుంది, వద్దు. నీళ్లు మాత్రం మనిషికి మూడు నాలుగు లీటర్లు మోయాల్సిందే. పొడిగాలిలో చెమట పట్టినట్టే తెలియదు, దాహం వేసేసరికే ఆలస్యమవుతుంది. దీపం పెడతానని ఆవిడ అంటే మెల్లగా నచ్చజెప్పండి. ఎండిన గడ్డి, గాలి ఎక్కువ, నిప్పు పని అక్కడ అసలు వద్దు. తొక్కలు, కాగితాలు అన్నీ మీ సంచిలోనే వెనక్కి రావాలి.

చివరికి మీ భయం: వెళ్లాక ఏమీ కనిపించకపోతే? రంగులు మామూలుగా అక్టోబరు చివరి నుంచి నవంబరు మధ్య దాకా ఉంటాయి. ఏడాదికీ ఏడాదికీ తేడా వస్తుంది. ఒక్క రాత్రి పెద్ద గాలి వీస్తే ఆకులన్నీ నేల మీద ఉంటాయి. వారం ముందు పార్కుకు ఫోను చేసి రంగులు ఎలా ఉన్నాయో అడగండి. ఒకవేళ రాలిపోయినా నేల మీద పరిచిన ఎరుపు చూడదగ్గదే. రాలని చెట్టు ఒకటి ఎలాగూ ఉంది. టెక్సస్ మేడ్రోన్ అంటారు. ఏడాదంతా పచ్చగా ఉంటుంది, ఈ రోజుల్లో ఎర్రటి చిన్న పండ్లు గుత్తులుగా కాస్తుంది. దాని మాను అచ్చం జామమానే: పైబెరడు కాగితంలా ఊడి, కింద నున్నగా, లేత గులాబీ రంగులో ఉంటుంది. బాట పక్కన కనిపించగానే ఆగండి. అత్తయ్య గారిని దాని మీద చెయ్యి వేసి చూడమనండి.

లోయ నడక నవంబరు మొదటి వారంలో మంగళవారమో, బుధవారమో పెట్టుకోండి. పిల్లల బడికి సెలవు చీటీ ఈ వారమే రాయండి.